మూడు బండ్లు, ఒక టెంటు: భివండి నుంచి లేహ్ దాకా

మన పద్మానగర్‌లో దూర ప్రయాణం అంటే రెండే రెండు. ఒకటి, పెళ్ళికో చావుకో ఊరికి పోయే బస్సు. రెండోది, మొక్కు తీర్చుకోవడానికి తిరుపతికో వేములవాడకో పోవడం. ఊరికే చూసి రావడానికి పోవడం అనేది మన లెక్కలో లేదు. దానికి కారణమూ ఉంది. మనది మీటరు కూలి. సాంచె ఆగితే కూలి ఆగుతుంది. ఇరవై రోజులు కార్ఖానా వదిలిపెడితే ఆ ఇరవై రోజుల డబ్బు ఎవరూ ఇవ్వరు.

అయినా మేం ముగ్గురం పోయాం. నేను, సాంచెల ఫిట్టరు పని చేసే మా బామ్మర్ది, గోడౌన్‌లో పని చేసే మా అన్న కొడుకు. మూడేళ్ళు భిసి వేసి పైసలు కూడబెట్టుకున్నాం. బండ్లు రోజూ పనికి పోయేవే. రెండు 150 సీసీవి, ఒకటి 125. పెద్ద బుల్లెట్టు లేనిదే లదాఖ్ పోలేం అనుకునే వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. బండి చిన్నదైనా పోవచ్చు. అయితే ఆ కొండల్లో నడిచే లెక్క వేరు, మన కార్ఖానా లెక్క వేరు. అది తెలుసుకుని పోవాలి.

మైదానం మీద ఐదు రోజులు

నూలు పున్నమి పండుగ అయిపోయాక, సెప్టెంబరు మొదట్లో బయల్దేరాం. జులై, ఆగస్టుల్లో హిమాచల్‌లో వానలు ఎక్కువ, కొండచరియలు విరిగి దారి మూసుకుపోతుంది. అక్టోబరు నడిమికి వచ్చేసరికి పైన మంచు మొదలవుతుంది. మధ్యలో దొరికే ఈ నెల రోజులే మంచివి.

మొదటి రోజు సూరత్. లింబాయత్‌లో మా మేనత్త వాళ్ళిల్లు. అక్కడ కూడా గల్లీ గల్లీకి మన తెలుగు వాళ్ళే, మన సాంచెల చప్పుడే. రెండో రోజు ఉదయ్‌పూర్, మూడో రోజు జైపూర్, నాలుగో రోజు చండీగఢ్, ఐదో రోజు మనాలి. అంతా కలిపి దాదాపు 1,900 కిలోమీటర్లు. ఈ భాగంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, ఎండ ముదిరే లోపల సగం దూరం కొట్టడం, గంటన్నరకొకసారి దిగి నడుం చాపడం, చీకటి పడకముందే ఆగడం. గంటకు అరవై దాటకుండా నడిపాం. లారీల మధ్య చిన్న బండికి అంతకంటే ఎక్కువ వద్దు.

మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. అక్కడ ఒక రోజు ఆగాం. ఒంటికి విశ్రాంతి, బండ్లకు పని. మా బామ్మర్ది మూడు బండ్ల ఎయిర్ ఫిల్టర్లు దులిపి, చైన్లు బిగించి, నూనె పెట్టాడు. ప్రతి బండికీ కొత్త క్లచ్ కేబుల్ ఒకటి, పాత కేబుల్ పక్కనే వరసగా కట్టి ఉంచాడు. తెగితే పాతది వదిలేసి కొత్తదాని కొసలు తగిలించుకుంటే చాలు. ఇది కార్ఖానా బుద్ధి. ఏది తెగుతుందో తెలిసినవాడు ముందే దగ్గర పెట్టుకుంటాడు.

సొరంగం దాటితే వేరే లోకం

మనాలి నుంచి లాహౌల్ లోయకు పోవాలంటే ఇంతకు ముందు 3,978 మీటర్ల రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం తెరిచారు. పొడవు 9.02 కిలోమీటర్లు. మనాలి వైపు దేవదారు చెట్లు, పచ్చదనం, చినుకులు. ఆ చివర బయటికి వచ్చేసరికి ఎండ, బోడి కొండలు. వాన మబ్బులను ఆ కొండలే అడ్డుకుంటాయి. అందుకే అవతల చెట్టూ చేమా తక్కువ.

తాండీ దగ్గర చంద్ర, భాగా నదులు కలుస్తాయి. అక్కడి నుంచే చీనాబ్. అక్కడున్న పెట్రోల్ బంకు దగ్గర ఒక బోర్డు ఉంటుంది, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని. ట్యాంకులు నింపి, ఒక్కో బండికి ఐదు లీటర్ల డబ్బా కూడా కట్టాం. ఎత్తు మీద బండి తాగుడు ఎక్కువ, లాగుడు తక్కువ.

ఆ రాత్రి జిస్పాలో ఆగాం. సుమారు 3,200 మీటర్లు. భాగా నది ఒడ్డున మా టెంటు మొదటిసారి వేశాం. నీళ్ళకు మరీ దగ్గర వేయకూడదు, రాత్రికి నీళ్ళు పెరగొచ్చు. కొండ చరియ కింద వేయకూడదు, రాళ్ళు దొర్లొచ్చు. తలుపు గాలికి ఎదురుగా పెట్టకూడదు. తాళ్ళు నాలుగు మూలలా ఒకే బిగువులో ఉండాలి. పడుగు బిగించిన చేతులకు ఇది ఒకరు నేర్పాల్సిన పని కాదు.

జింగ్ జింగ్ బార్ దగ్గర

మా ప్లాను ప్రకారం మర్నాడు బారాలాచా కనుమ దాటి సర్చు చేరాలి. ఆ మర్నాడు లదాఖ్‌లో దిగాలి. లేహ్ చేరినాక ఒక రోజు ఖర్దుంగ్ లాకు, ఒక రోజు పాంగాంగ్ సరస్సుకు. పోరడైతే ఖర్దుంగ్ లా ఫొటో కోసమే బయల్దేరాడు. గోడౌన్‌లో దోస్తులందరికీ మాట ఇచ్చి వచ్చాడు.

జిస్పా నుంచి గంటన్నర పోయాక జింగ్ జింగ్ బార్ అనే చోట చాయ్ కొట్లు ఉన్నాయి. ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. అక్కడ చాయ్ చెప్పి కూర్చున్నాం. పోరడు గ్లాసు ముట్టలేదు. కాసేపటికి లేచి పక్కకు పోయి కక్కుకున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదు కాకా. జరంత తల నొస్తుంది. పోదాం పా."

మా బామ్మర్ది వాణ్ణి గీత గీసినట్టు మడమకు వేలు ఆనించి పది అడుగులు నడవమన్నాడు. తూలకుండా నడిచాడు. మాట కూడా తేటగానే ఉంది. అంటే ముదరలేదు. కాని ఎత్తు మీద తలనొప్పి, వాంతి, తిండి సహించకపోవడం ఇవన్నీ ఒంటికి గాలి చాలడం లేదని చెప్పే గుర్తులు. ఆ గుర్తులు ఉన్నంతసేపు ఇంకా పైకి ఎక్కకూడదు. తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం రావడం మొదలైతే ప్రాణం మీదికి వచ్చినట్టే. రాత్రైనా సరే వెంటనే కిందికి దించాలి.

పోరడు ఒప్పుకోలేదు. "ఇంకొక్క ఘాటే గద కాకా. దాటినంక దిగుడే."

ఆ మాటలోనే మోసం ఉంది. బారాలాచా కనుమ 4,890 మీటర్లు. దాటి దిగితే వచ్చే సర్చు మళ్ళీ 4,290. అంటే ఎక్కి దిగి మేం చేరేది అప్పుడు కూర్చున్న ఎత్తుకే. పైగా సర్చులో రాత్రి ఒంట్లో బాగా లేకపోతే తప్పించుకునే దారి లేదు. వెనక్కి రావాలంటే బారాలాచా ఎక్కాలి, ముందుకు పోవాలంటే నకీ లా, లాచులుంగ్ లా ఎక్కాలి. ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. ఎక్కకుండా కిందికి దిగగలిగిన చివరి చోటు జింగ్ జింగ్ బారే.

వెనక్కి పోతే రెండు రోజులు పోతాయి. ఖర్దుంగ్ లా పోతుంది, పాంగాంగ్ పోతుంది. మూడేళ్ళ భిసి గుర్తొచ్చింది. మీటరు లెక్కన బతికినవాడికి చేతిలోకి వచ్చిన రోజును వదులుకోవడం చాలా కష్టం. నేను నోరు మెదపకుండా కూర్చున్నాను. మా బామ్మర్దే అన్నాడు.

"బావా, పోగు తెగినంక గూడ సాంచె నడిపిస్తే మీటర్లు పెరుగుతయి. గని ఆ బట్ట సేటు తీసుకోడు."

పోరడు తల దించుకున్నాడు. వాడి బండి నేను తీసుకున్నాను. వాణ్ణి బామ్మర్ది వెనక కూర్చోబెట్టాం. నా బండిని చాయ్ కొట్టాయనకు అప్పజెప్పాం. ఆయన పైసలు అడగలేదు. "ఎల్లుండి రండి, ఇక్కడే ఉంటుంది" అని హిందీలో అన్నాడు. వెయ్యి మీటర్ల పైచిలుకు దిగి జిస్పా చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. సాయంత్రానికి వాడు లేచి కూర్చుని అటుకులు అడిగాడు. మందు ఏదీ వేయలేదు. దిగడమే మందు.

మర్నాడంతా నది ఒడ్డునే ఉన్నాం. బట్టలు ఉతుక్కున్నాం. పక్క ఊళ్ళో బఠాణీ చేలు చూశాం. నీళ్ళు బాగా తాగాం. ఇరవై ఏడేళ్ళ నుంచి సాంచె మీద ఉన్నాను. పండుగకు తప్ప ఏ పనీ లేని రోజు ఒకటి గడిపింది అదే.

నీళ్ళు, దుమ్ము, ఇరవై ఒక్క మలుపులు

పదో రోజు తెల్లవారుతూనే మళ్ళీ బయల్దేరాం. పొద్దున్నే పోవడానికి కారణం వాగులు. దారికి అడ్డంగా పారే వాగుల్లో ఉన్నది మంచు కరిగిన నీరు. పొద్దున మోకాలి కిందికి ఉన్న వాగు, ఎండెక్కినాక మధ్యాహ్నానికి తొడ దాకా వస్తుంది. దాటే పద్ధతి ఇది. ముందు ఒకడు దిగి నడిచి చూడాలి. అడుగున గుండ్రాళ్ళు ఎక్కడున్నాయో కాలికి తెలుస్తుంది. తరువాత మొదటి గేరులో, ఒకే తీరు రేసుతో, మధ్యలో ఆపకుండా, అవతలి గట్టును చూస్తూ పోవాలి. నీళ్ళ వైపు చూస్తే బండి నీళ్ళ వైపే పోతుంది. ఇంజన్ నీళ్ళలో ఆగిపోతే అక్కడే స్టార్టు కొట్టకూడదు. తోసుకుని గట్టెక్కించి, నీరు కార్చి, అప్పుడు చూడాలి.

ఈసారి బారాలాచా మీద ముగ్గురమూ నవ్వుతూ నిలబడ్డాం. నా బండి, చాయ్ కొట్టు పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ రాత్రి సర్చులో టెంటు వేస్తే చలికి ప్లాస్టిక్ సీసాలో నీళ్ళ మీద పొర కట్టింది. అంత ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే బియ్యం ఉడకడానికి చాలాసేపు పడుతుంది. మేం చిన్న కుక్కరు తీసుకుపోయాం. కుక్కరు లేనివాళ్ళు అటుకులు, సత్తుపిండి, జొన్నరొట్టెలు, పల్లిపొడి పెట్టుకోండి.

సర్చు దాటాక గాటా లూప్స్ వస్తాయి. ఒకే కొండ మీద ఇరవై ఒక్క మలుపులు. అక్కడే 125 బండి క్లచ్ కేబుల్ తెగింది. పక్కన కట్టి ఉంచిన కొత్త కేబుల్ తగిలించడానికి మా బామ్మర్దికి పావుగంట పట్టింది. ఆ మలుపుల్లో ఒకచోట చిన్న గుడి లాంటిది ఉంది. దాని చుట్టూ నీళ్ళ సీసాలు, సిగరెట్లు. ఎప్పుడో ఒక లారీ అక్కడ చెడిపోతే డ్రైవరు సాయం కోసం పోయాడట, క్లీనరు లారీ దగ్గరే ఉండిపోయాడట, మంచు పడి దారి మూసుకుపోయిందట. డ్రైవరు తిరిగొచ్చేసరికి క్లీనరు చనిపోయి ఉన్నాడట. దాహంతో పోయిన ఆ మనిషికి ఆ దారిన పోయేవాళ్ళంతా నీళ్ళు పెడతారు. దయ్యం అనేవాళ్ళు దయ్యం అంటారు. యజమాని సరుకుకు కాపలా ఉండి పోయిన ఒక పనివాడు అనుకుని మేమూ ఒక సీసా పెట్టాం.

లాచులుంగ్ లా దగ్గర ఎత్తు 5,060 మీటర్లు. అక్కడి నుంచి పాంగ్ దాకా కొన్ని చోట్ల రోడ్డు అంటే దుమ్మే. చీలమండ మునిగే పిండి లాంటి దుమ్ము. అందులో టైర్ల గాలి కొంచెం తగ్గించి, నిలబడి నడపాలి, ముందు బ్రేకు ముట్టకూడదు.

ఆ దుమ్ములోనే రోడ్డు వేసే కూలీలు కనిపించారు. ముఖాలకు గుడ్డలు, చేతుల్లో పారలు. ఆగి, మా దగ్గరున్న పల్లి పట్టీలు ఇచ్చి మాట కలిపాం. జార్ఖండ్‌లో దుమ్కా వాళ్ళు. ఎండాకాలంలో వచ్చి, మంచు పడకముందే ఇంటికి పోతారట. ఆ సరిహద్దు రోడ్లన్నీ ఎక్కువగా వాళ్ళ చేతుల మీదే నిలబడ్డాయి. మేం మహారాష్ట్ర నుంచి వచ్చాం, అసలు ఊరు కరీంనగర్ అన్నాను. "మరి మహారాష్ట్రకు ఎందుకు పోయారు?" అని అడిగాడు ఒక కుర్రాడు. "నువ్వు ఇక్కడికి ఎందుకు వచ్చావో, అందుకే" అన్నాను. అందరం నవ్వాం. మా నాయన బొంబాయి మిల్లులో పని చేసి, 1982 సమ్మె తరువాత భివండికి వచ్చాడు. ఇంత ఎత్తు మీద, సరైన గాలి కూడా లేని చోట రోజంతా పార పట్టే వాళ్ళను చూశాక, మేం ఏదో సాహసం చేస్తున్నాం అనే మాట మళ్ళీ మా నోట రాలేదు.

మగ్గం కనిపించింది

పాంగ్ దాటి పైకెక్కితే మోరే మైదానం. 4,700 మీటర్ల ఎత్తున, దాదాపు నలభై కిలోమీటర్లు బల్లపరుపుగా నేల. ఇక్కడ చాంగ్‌పా అనే పశువుల కాపర్లు మేకలు, గొర్రెలు, యాక్‌లు తోలుకుని తిరుగుతారు. యాక్ వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాల్లో ఉంటారు. ఖరీదైన పష్మీనా శాలువాల ఉన్ని ఈ మేకలదే. చలికి మేక పైబొచ్చు కింద సన్నటి బొచ్చు పెరుగుతుంది. చలి తగ్గాక దాన్ని దువ్వి తీస్తారు. ఆ పోగు మందం 12 నుంచి 14 మైక్రాన్లు, మన తల వెంట్రుకలో ఐదో వంతు కూడా ఉండదు.

ఒక గుడారం పక్కన ఒక పెద్దమ్మ నేల మీద కూర్చుని నేస్తోంది. దూరం నుంచే చేతుల కదలిక చూసి మా బామ్మర్ది బండి ఆపేశాడు. పడుగు ఒక కొస ఎదుట దిగ్గొట్టిన మేకుకు ఉంది. ఇంకో కొస ఆమె నడుముకు కట్టిన పట్టీకి ఉంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. అంటే ఆమె ఒళ్ళే మగ్గంలో సగం. పేక దూర్చి కర్ర బద్దతో కొడుతోంది. వాళ్ళలో మగవాళ్ళూ నేస్తారు. గుడారం పట్టీల నేత మగవాళ్ళది, వాళ్ళ మగ్గం వేరు.

ఆమెకు హిందీ రాదు. ఆమె మనవడు మధ్యలో ఉండి చెప్పాడు. మేం నేతోళ్ళం అని చెప్పించాను. ఆమె నమ్మలేదు. అప్పుడు మా బామ్మర్ది వంగి, అంచులో తెగి వేలాడుతున్న పోగు ఒకటి చూపించి, అనుమతి అడిగి, రెండు వేళ్ళ మధ్య మెలేసి ముడి కనపడకుండా అతికించాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూసింది. ఏదో అని గట్టిగా నవ్వింది. మనవడు చెప్పాడు: "నిజమే అంటోంది." ఉప్పూ వెన్నా వేసిన చాయ్ పోసింది. మొదటి గుక్క కష్టం, మూడో గ్లాసు మేమే అడిగాం.

ముందు వేసుకున్న ప్లాను ప్రకారం పోయి ఉంటే ఆ చోట అంతసేపు ఆగేవాళ్ళం కాదు. ఖర్దుంగ్ లా ఎలాగూ పోయింది, ఇక తొందర లేదు. అందుకే ఆగాం.

ఆ తరువాత తంగ్లంగ్ లా. సుమారు 5,330 మీటర్లు. మహారాష్ట్రలో అన్నింటికంటే ఎత్తైన కల్సుబాయి శిఖరం 1,646 మీటర్లు. మూడు కల్సుబాయిలు ఒకదాని మీద ఒకటి పెట్టినా అక్కడికి అందవు. గాలి మన దగ్గరున్న దాంట్లో సగం. 125 బండి మొదటి గేరులో నడక వేగంతో ఎక్కింది, కాని ఎక్కింది. ఆ రాత్రి రుమ్‌త్సేలో పడుకుని, పన్నెండో రోజు ఉప్షీ దగ్గర సింధు నదిని చూసి, ఒడ్డు వెంబడి లేహ్ చేరాం. ఒక రోజు ఆగి, రాజుల పాత కోట, బజారు చూసి, వచ్చిన దారినే తిరిగొచ్చాం. ఇరవై రోజులు, దాదాపు 4,700 కిలోమీటర్లు.

పోదామనుకునే వాళ్ళకు

ఖర్చు మనిషికి 24 వేలయింది. అందులో సగం దాకా పెట్రోలే. టెంటు, స్లీపింగ్ బ్యాగులు మనాలిలో కిరాయికి దొరికాయి. పోగొట్టుకున్న కూలి దీనికి అదనం, అది ఎవరిది వాళ్ళు లెక్క వేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ఇది. మనలో చాలామంది ఏళ్ళ తరబడి దూది ధూళి పీల్చినవాళ్ళం. దమ్ము, పాత టీబీ, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకోకుండా అంత ఎత్తుకు పోవద్దు. ఎత్తు కోసం వేసుకునే మాత్రలు కూడా డాక్టరు చెబితేనే. పైన ఉన్నన్ని రోజులు మందు ముట్టవద్దు. మూడు వేల మీటర్లు దాటాక కనీసం రెండు రాత్రులు ఒకే చోట పడుకోండి. తీసుకుపోయిన ప్లాస్టిక్ తిరిగి తీసుకురండి, అక్కడ దాన్ని ఎత్తేవాళ్ళు లేరు. ప్లానులో రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఖాళీగా ఉంచుకోండి. వెనక్కి రావాల్సి వస్తే ఆ రెండు రోజులే మిమ్మల్ని కాపాడతాయి.

పోరడు ఇప్పుడు కొత్త భిసి మొదలుపెట్టాడు. ఈసారి వాళ్ళమ్మను కూడా జిస్పా దాకా తీసుకుపోతాడట. అంతవరకైతే బస్సు కూడా పోతుంది. ఆ నది ఒడ్డున ఏ పనీ లేకుండా ఒక రోజు కూర్చోబెడతాడట.